సమీక్షకు సమాధానం: సికింద్రాబాద్ ప్రయోగశాల నుండి లినక్స్ కెర్నెల్ డ్రైవర్ వరకు

వ్యాససంగ్రహం

ఆపరేటింగ్ సిస్టమ్‌కు మూలమైన కెర్నెల్‌లో ఒక పరికరపు డ్రైవర్‌ను చేర్చాలంటే ఆ కోడు బహిరంగ సమీక్షకు నిలవాలి. సమీక్షకులు లేవనెత్తిన ఆక్షేపాలకు రచయిత ఇచ్చే సమాధానం ఈ ప్రక్రియలో సాంకేతికంగానూ చారిత్రకంగానూ కీలకమైనది. హైదరాబాద్–సికింద్రాబాద్ జంటనగరాలలో 19వ శతాబ్దాంతాన జరిగిన రెండు వైద్య పరిశోధనలను పూర్వరంగంగా తీసుకొని, లినక్స్ కెర్నెల్ సమీక్షావిధానం ఎదిగిన క్రమాన్ని, జంటనగరాల ఇంజినీర్ల కృషితో ముడిపడిన ఒక డ్రైవర్ పరిణామాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. సమాధానం విలువ రచయిత గెలుపోటములలో లేదనీ, ఆ కోడును రేపు చదివేవారికి మిగిలే కారణాల దాఖలాలో ఉందనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: కెర్నెల్, డ్రైవర్, కోడు సమీక్ష, పూర్వపక్షం, సమాధానం, పాఠాంతరం, సికింద్రాబాద్.

1. ప్రవేశిక

తెలుగులో 'సమాధానం' అనే మాటకు రెండు అర్థాలు వ్యవహారంలో ఉన్నాయి. అడిగినదానికి ఇచ్చే జవాబు ఒకటి. కలతపడిన మనస్సు కుదుటపడడం, విభేదించిన పక్షాలు ఒక అంగీకారానికి రావడం రెండవది. 'సమాధానపడు' అనే క్రియలో ఈ రెండవ అర్థమే ప్రధానం. శాస్త్రగ్రంథాల వాదక్రమంలో పూర్వపక్షం ముందు వస్తుంది, దానిని పూర్తిగా వినిపించిన తరువాతే సిద్ధాంతి సమాధానం చెబుతాడు. ఎదుటివారి ఆక్షేపాన్ని బలహీనపరచి చూపి దానిని ఖండించడం ఆ సంప్రదాయంలో గౌరవనీయం కాదు.

పరిశోధన పత్రాన్ని పత్రికకు పంపినవారికి, సిద్ధాంత గ్రంథాన్ని పరీక్షకుల ముందుంచినవారికి ఈ వాదక్రమం అనుభవంలోనిదే. సాఫ్ట్‌వేర్ రంగంలో దీనికి దగ్గరగా ఉన్న ఆచారం కోడు సమీక్ష. అందులోనూ అత్యంత కఠినమైనదిగా పేరుపడింది లినక్స్ కెర్నెల్ సమీక్ష. యంత్రంలోని ప్రతి పరికరాన్నీ, అంటే కెమెరాను, నెట్‌వర్క్ కార్డును, డిస్కును, కెర్నెల్‌కు పరిచయం చేసే కోడుభాగమే డ్రైవర్. మామూలు ప్రోగ్రామ్‌లో తప్పు జరిగితే ఆ ప్రోగ్రామ్ ఆగిపోతుంది. డ్రైవర్ కెర్నెల్ అధికారాలతోనే నడుస్తుంది గనుక అందులోని తప్పు యంత్రాన్నంతటినీ స్తంభింపజేయగలదు, ఇతరుల సమాచారాన్ని చెరపగలదు. కనుక డ్రైవర్‌పై వచ్చిన ఆక్షేపానికి సమాధానం చెప్పడం మర్యాదకు సంబంధించిన విషయంగా మిగలదు. ఆ యంత్రాన్ని వాడే అపరిచితుల భద్రత ఆ సమాధానంపై ఆధారపడి ఉంటుంది.

2. జంటనగరాలలో పూర్వరంగం: 1889, 1897

సాంకేతిక సమీక్షకు సమాధానం చెప్పే రెండు భిన్నరీతులను జంటనగరాల చరిత్ర ఒకే దశాబ్దంలో నమోదు చేసింది. మొదటిది హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్లు. రెసిడెన్సీ సర్జన్‌గా ఉన్న ఎడ్వర్డ్ లారీ ఎడిన్‌బరో సంప్రదాయంలో శిక్షణ పొందినవాడు. క్లోరోఫాం ఇచ్చేటప్పుడు రోగి శ్వాసను గమనిస్తే చాలుననీ, మరణం శ్వాస ఆగడం వల్లనే గాని నేరుగా గుండె ఆగడం వల్ల సంభవించదనీ అతని నమ్మకం. 1888 నాటి మొదటి కమిషన్ జంతువులపై ప్రయోగాలు జరిపి ఆ అభిప్రాయాన్నే బలపరచింది. లండన్ వైద్యపత్రిక 'లాన్సెట్' ఈ నిర్ణయాన్ని సందేహించింది. దానికి సమాధానంగా ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం 1000 పౌండ్లు మంజూరు చేసి, ఆ పత్రిక ఎంచుకొన్న నిపుణుణ్ణే హైదరాబాద్‌కు రప్పించింది. అలా వచ్చిన లాడర్ బ్రంటన్ పాల్గొన్న రెండవ కమిషన్ 1889 చివరలో నాలుగు వందలకు పైగా జంతువులపై ప్రయోగాలు చేసి మొదటి నిర్ణయాన్నే తిరిగి ప్రకటించింది.

సమీక్షకుణ్ణే ప్రయోగశాలకు ఆహ్వానించడం ఆనాటికి ఎంతో ఉదారమైన చర్య. అయినా ఆ సమాధానం చివరికి నిలవలేదు. క్లోరోఫాం స్వల్పమోతాదులో ఉన్న దశలోనే గుండె లయ తప్పి హఠాన్మరణం సంభవించగలదని 1911లో గుడ్‌మన్ లెవీ నిరూపించాడు. హైదరాబాద్ ప్రయోగాలు ప్రధానంగా అధికమోతాదు ఫలితాలనే పదేపదే చూపాయి. సంఖ్య పెరిగింది కాని ఆక్షేపకులను కలవరపెట్టిన పరిస్థితి ప్రయోగంలోకి రాలేదు. ప్రశ్నను తాకని సమాధానం ఎంత విస్తారమైనా ఆక్షేపం ఆక్షేపంగానే మిగిలిపోతుందని ఈ ఉదంతం తెలుపుతుంది.

రెండవది రోనాల్డ్ రాస్ పరిశోధన. మద్రాసు పదాతిదళానికి వైద్యాధికారిగా 1895లో సికింద్రాబాద్ చేరిన రాస్, లండన్‌లోని పాట్రిక్ మాన్సన్‌తో ఉత్తరప్రత్యుత్తరాలు సాగిస్తూ దోమలలో మలేరియా పరాన్నజీవి కోసం వెదికాడు. 1897 ఆగస్టు 20న బేగంపేటలో, హుసేన్‌ఖాన్ అనే రోగిని కుట్టిన దోమ జీర్ణాశయపు గోడలో వర్ణకంతో కూడిన కణాలను గుర్తించాడు. అదే సంవత్సరం డిసెంబర్ 18న 'బ్రిటిష్ మెడికల్ జర్నల్'లో వెలువడిన పత్రం శీర్షికలోనే, మలేరియా రక్తం తాగిన 'రెండు దోమలలో' కనిపించిన కణాల గురించి మాత్రమే చెబుతున్నట్లు రాస్ పరిమితి విధించుకొన్నాడు. ఆ నమూనాలను చూసిన మరొక వైద్యాధికారి స్మిత్ వ్యాఖ్య కూడా పత్రంతోపాటే అచ్చయింది. చూసినంతవరకే చెప్పడం, మరొకరి కన్నుతో సరిచూపించడం, వస్తువునే పరీక్షకు అందించడం ఇక్కడ కనిపించే లక్షణాలు. ఈ పరిశోధన 1898లో కలకత్తాలో పక్షుల మలేరియాపై పూర్తయి 1902లో నోబెల్ బహుమతికి దారితీసింది.

ఈ రెండు ఉదంతాలకూ కెర్నెల్‌కూ నేరుగా సంబంధం లేదు. అయితే ఆక్షేపాన్ని పరిమాణంతో కప్పివేయడం, ఆక్షేపం సూచించిన చోటనే చూడడం అనే రెండు సమాధానరీతులను స్పష్టపరచడానికి ఇవి ఉపకరిస్తాయి. తరువాతి భాగాలలో ఈ భేదమే కొలమానం.

3. నిర్వహణ అనే వృత్తి

జంటనగరాలలో కంప్యూటర్ రంగం యంత్రాల తయారీతోనూ, వాటి నిర్వహణతోనూ మొదలైంది. 1967లో హైదరాబాద్‌లో స్థాపితమైన ఈసీఐఎల్, ట్రాంబే శాస్త్రవేత్తల రూపకల్పన ఆధారంగా టీడీసీ శ్రేణి కంప్యూటర్లను తయారుచేసింది. వాటిలో మొదటిదైన టీడీసీ–12 1969 నాటిది. 1975లో కేంద్రప్రభుత్వం నెలకొల్పిన కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్, అంటే సీఎంసీ, 1978లో ఐబీఎమ్ భారతదేశం విడిచిపోయినప్పుడు ఆ సంస్థ యంత్రాల నిర్వహణభారాన్ని స్వీకరించింది. దాని పరిశోధన–అభివృద్ధి కేంద్రం సికింద్రాబాద్‌లోనే ఉండేది. 1980లలో రైల్వే రిజర్వేషన్‌ను కంప్యూటరీకరించిన సంస్థ ఇదే. 1999 నాటికి దేశవ్యాప్తంగా అనుసంధానమైన ఐదు రిజర్వేషన్ కేంద్రాలలో సికింద్రాబాద్ ఒకటి.

ఇతరులు నిర్మించి వదిలివెళ్లిన యంత్రాన్ని నడపవలసినవారికి ఎదురయ్యే మొదటి ప్రశ్న, ఇది ఇలా ఎందుకు ఉంది అన్నది. కోడు ఏమి చేస్తుందో కోడే చెబుతుంది. ఎందుకలా చేస్తుందో అది రాసినవారు చెప్పి ఉండాలి. అమెరికాలో ఐబీఎమ్ ఇంజినీర్ మైకేల్ ఫేగన్ 1976లో ప్రచురించిన కోడు తనిఖీ పద్ధతి సమీక్షను మొదటిసారిగా క్రమబద్ధం చేసింది. పాత్రలు నిర్ణయించి, సమావేశమై, దోషాలను లెక్కించి నమోదుచేసే విధానమది. కాని అది సంస్థ నాలుగు గోడల మధ్యనే జరిగేది. సమీక్షకుని మాట, రచయిత సమాధానం రెండూ ఆ సంస్థ దస్త్రాలలోనే ఉండిపోయేవి. సమీక్షను బయటి లోకానికి తెరచినది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం నీడలో పెరిగిన లినక్స్.

4. కెర్నెల్ సమీక్ష రూపుదిద్దుకొన్న క్రమం

1991లో హెల్సింకీ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ లినక్స్‌ను ప్రకటించినప్పుడు సమీక్షావిధానమంటూ ప్రత్యేకంగా లేదు. మార్పులను, అంటే 'ప్యాచ్'లను, ఈ-మెయిల్‌లో పంపితే అతడు చదివి చేర్చేవాడు లేదా వదిలేసేవాడు. కోడు పెరిగేకొద్దీ ఒక్కొక్క విభాగానికి ఒక్కొక్క మెయింటెయినర్ ఏర్పడ్డాడు. డ్రైవర్ రచయిత మొదట తన విభాగపు మెయింటెయినర్‌ను ఒప్పించాలి. ఆ మెయింటెయినర్ ఎంపికచేసిన మార్పులు పైస్థాయికి వెళ్తాయి.

2003లో ఎస్‌సీఓ సంస్థ ఐబీఎమ్‌పై వేసిన దావా, కెర్నెల్‌లోని ప్రతి పంక్తి ఎక్కడి నుండి వచ్చిందనే ప్రశ్నను రేకెత్తించింది. దాని పర్యవసానంగా 2004లో, కోడును పంపే హక్కు తనకున్నదని రచయిత తన పేరుతో ధ్రువీకరించే నియమం వచ్చింది. 2005లో టోర్వాల్డ్స్ రూపొందించిన 'గిట్' ప్రతి మార్పునూ దాని వివరణతో, సంతకాలతో కలిపి చెరగని వరుసలో భద్రపరచింది. సమీక్షించినవారి పేరు, పరీక్షించినవారి పేరు, దోషాన్ని తెలిపినవారి పేరు చేర్చే ఆచారాలు ఆ దశాబ్దంలోనే స్థిరపడ్డాయి. 2007లో వచ్చిన 'చెక్‌ప్యాచ్' అనే ఉపకరణం ఖాళీలు, పంక్తుల పొడవు వంటి రూపదోషాలను యంత్రానికే అప్పగించి, మనుషుల దృష్టిని అర్థదోషాల వైపు మళ్లించింది. ఇంకా పరిణతి చెందని డ్రైవర్ల కోసం 2008 చివరలో 'స్టేజింగ్' అనే ప్రత్యేక విభాగం ఏర్పడింది. 2009 జూలైలో మైక్రోసాఫ్ట్ విడుదలచేసిన సుమారు 20,000 పంక్తుల హైపర్–వి డ్రైవర్లు మొదట చేరినది అక్కడే. అంత పెద్ద సంస్థ కోడుకు కూడా ప్రధానభాగంలో చోటు దొరకడానికి కొన్నేళ్ల మరమ్మతు అవసరమైంది.

సమాధానం విషయంలో కెర్నెల్ మార్గదర్శిక ఒక స్పష్టమైన సూత్రాన్ని చెబుతుంది. ప్రతి ఆక్షేపానికీ బదులివ్వాలి. ఆక్షేపాన్ని అంగీకరిస్తే కోడు మారుతుంది. మార్పు అక్కరలేదని తేలినా, ఆ సందేహం ఒకరికి కలిగింది గనుక మరొకరికీ కలుగుతుందని గ్రహించి, కోడులో ఒక వ్యాఖ్యనో, ప్యాచ్ వివరణలో ఒక వాక్యాన్నో చేర్చాలి. సవరించిన ప్యాచ్‌ను 'రెండవ పాఠం', 'మూడవ పాఠం' అని సంఖ్యతో పంపుతూ, వెనుకటి పాఠానికీ దీనికీ తేడా ఏమిటో జాబితాగా ఇవ్వాలి. పాఠాంతరాలను సరిపోల్చే పరిష్కర్తల పని తెలిసిన సాహిత్య విద్యార్థులకు ఈ పద్ధతి కొత్త కాదు. తాళపత్ర ప్రతుల పరిష్కర్త శతాబ్దాల తరువాత ఊహతో నింపవలసిన ఖాళీలను ఇక్కడ రచయితే తన కాలంలోనే పూరిస్తాడు.

5. ఒక డ్రైవర్ పరిణామం: జైలింక్స్ వీడీఎమ్‌ఏ

హైదరాబాద్‌లో కేంద్రం ఉన్న జైలింక్స్ సంస్థ (2022 ఫిబ్రవరి నుండి ఏఎమ్‌డీలో భాగం) 2011లో జింక్ శ్రేణి చిప్‌లను ప్రకటించింది. ఒకే చిప్‌లో ఆర్మ్ ప్రాసెసర్, అవసరాన్ని బట్టి మలచుకొనగల లాజిక్ భాగం కలిసి ఉండడం వీటి విశేషం. ఆ లాజిక్ భాగంలో అమర్చే హార్డ్‌వేర్‌లలో వీడీఎమ్‌ఏ ఒకటి. దృశ్యచిత్రాల చట్రాలను ప్రాసెసర్ జోక్యం లేకుండా మెమరీ నుండి ప్రదర్శన వైపుకూ, కెమెరా నుండి మెమరీకీ తరలించడం దాని పని. దీని డ్రైవర్ పలు పాఠాల తరువాత 2014లో ప్రధాన కెర్నెల్‌లో చేరింది. దానిని రాయడంలో, తరువాత పెంపొందించడంలో హైదరాబాద్ కేంద్రపు ఇంజినీర్లు పాలుపంచుకొన్నారు.

ఈ డ్రైవర్ చరిత్రలో మూడు మలుపులు గమనించదగినవి. మొదటిది నిరీక్షణకు సంబంధించినది. హార్డ్‌వేర్‌ను ఆపమని ఆదేశించిన తరువాత అది నిజంగా ఆగిందో లేదో డ్రైవర్ రిజిస్టర్‌ను పదేపదే చదివి తెలుసుకోవాలి. తొలిరూపంలో ఇది 10,00,000 సార్లు తిరిగే లెక్కింపు ఆవృతి. ఆవృతి ఎంతకాలం సాగుతుందన్నది ప్రాసెసర్ వేగాన్ని బట్టి మారుతుంది గనుక, ఒక యంత్రంపై సరిపోయిన లెక్క మరొకదానిపై సరిపోతుందన్న హామీ లేదు. 2016లో దాని స్థానంలో, కాలపరిమితిని మైక్రోసెకన్లలో చెప్పే కెర్నెల్ ఉమ్మడి సాధనం వచ్చింది. పరిమాణాన్ని కాక ప్రశ్నలోని అసలు అంశాన్ని కొలవడం ఈ మార్పు సారం.

రెండవది కూర్పుకు సంబంధించినది. జైలింక్స్‌కు వీడీఎమ్‌ఏతోపాటు సాధారణ డీఎమ్‌ఏ, మెమరీ నుండి మెమరీకి తరలించే సీడీఎమ్‌ఏ అనే సోదర హార్డ్‌వేర్‌లు ఉన్నాయి. సాధారణ డీఎమ్‌ఏకు మొదట వేరే డ్రైవర్‌నే ప్రతిపాదించారు. మూడింటికీ ఉమ్మడి కోడు ఎక్కువ. 2016లో వీడీఎమ్‌ఏ డ్రైవర్‌నే పేరు మార్చి, మిగిలిన రెండింటినీ అందులో చేర్చారు. 2019లో బహుళ ఛానెళ్ల డీఎమ్‌ఏ కూడా అందులోనే ఒదిగింది. విడివిడిగా మూడు డ్రైవర్లు రాసినవారికి మూడు రచనల ఘనత దక్కేది. ఒకటిగా కూర్చినప్పుడు ఒక దోషాన్ని ఒక్కచోట సరిదిద్దితే అన్నింటిలోనూ అది తొలగుతుంది. రచయిత ఘనతకూ నిర్వహణ సౌలభ్యానికీ మధ్య కెర్నెల్ సమాజం దేనిని ఎంచుకొంటుందో ఇక్కడ స్పష్టం.

మూడవది హార్డ్‌వేర్ వర్ణనకు సంబంధించినది. ఆర్మ్ యంత్రాల కోడులోని గందరగోళంపై 2011లో టోర్వాల్డ్స్ తీవ్ర అసంతృప్తి వ్యక్తపరచిన తరువాత, ఏ చిప్‌లో ఏ పరికరం ఎక్కడుందో 'డివైస్ ట్రీ' అనే వేరు దస్త్రంలో వర్ణించే పద్ధతి వ్యాప్తి చెందింది. వీడీఎమ్‌ఏలో ఎన్ని చట్రాల నిల్వస్థానాలున్నాయో తెలిపే గుణం అటువంటి వర్ణనలోనిదే. ఈ వర్ణనకు వేరే సమీక్షకులు, వేరే నియమం ఉన్నాయి. అది హార్డ్‌వేర్ ఎలా ఉందో చెప్పాలి, డ్రైవర్ ఏమి చేయదలచిందో చెప్పరాదు. డ్రైవర్ కోడును తరువాతి విడుదలలో మార్చవచ్చు. వర్ణన ఒకసారి వాడుకలోకి వస్తే అది అప్పటికే అమ్ముడైన పరికరాలలో ఉండిపోతుంది. అందువల్ల గుణం పేరుపై వచ్చిన ఆక్షేపాన్ని చిన్న విషయంగా తోసివేయడానికి వీలులేదు.

6. సమాధానంలో మూడు రీతులు

డ్రైవర్‌పై వచ్చే ఆక్షేపాలను, వాటికి తగిన సమాధానాలను స్థూలంగా మూడుగా విభజించవచ్చు.

మొదటిది సంపూర్ణ అంగీకారం. అంతరాయ సేవలో, లేదా స్పిన్‌లాక్ పట్టుకొని ఉన్నప్పుడు, నిద్రించే అవకాశమున్న పిలుపును వాడరాదు. అటువంటి చోట సాధారణ రీతిలో మెమరీ కోరితే, మెమరీ కొరత ఏర్పడిన రోజున యంత్రం స్తంభించవచ్చు. పరీక్షలో ఈ దోషం బయటపడకపోవచ్చు, ఎందుకంటే పరీక్షాయంత్రంలో మెమరీ సమృద్ధిగా ఉంటుంది. 'మా దగ్గర బాగానే పనిచేస్తోంది' అనే జవాబు ఇక్కడ 1889 నాటి కమిషన్ సమాధానం వంటిది. వందసార్లు నడిపి చూపినా, ఆక్షేపకుడు చెప్పిన పరిస్థితి ఆ వందలో ఒక్కసారీ రాకపోవచ్చు. సరైన సమాధానం కోడును మార్చడం, అదే దోషం డ్రైవర్‌లో మరెక్కడైనా ఉందేమో వెదకడం, మారిన సంగతిని తరువాతి పాఠపు జాబితాలో చెప్పడం.

రెండవది సకారణ నిరాకరణ. సమీక్షకుడు ఎల్లప్పుడూ ఒప్పే అయి ఉండనక్కరలేదు. 2007 నుండి కెర్నెల్‌లో, పరికరం తొలగినప్పుడు వనరులను తానే విడుదలచేసే నిర్వహిత పద్ధతి ఉంది. వనరులు విడుదలచేయడం మరచిపోయే దోషాన్ని ఇది చాలావరకు తొలగించింది. కనుక అంతరాయాన్ని కూడా ఇదే పద్ధతిలో నమోదు చేయమని సమీక్షకులు సూచించడం సహజం. అయితే నిర్వహిత పద్ధతిలో విడుదల జరిగేది డ్రైవర్ తొలగింపు ప్రమేయం ముగిసిన తరువాత. ఆ ప్రమేయం వాయిదాపనిని ఆపి, దానికి సంబంధించిన మెమరీని విడిచిన తరువాత కూడా అంతరాయం రావచ్చు, వచ్చి ఆ పనిని మళ్లీ లేపవచ్చు. అప్పుడు కోడు ఇప్పటికే విడిచిన మెమరీని తాకుతుంది. అందువల్లనే జైలింక్స్ డ్రైవర్ తరువాతి రూపం అంతరాయాన్ని స్వయంగా విడిపించి, ఆ పిమ్మటనే వాయిదాపనిని అంతం చేస్తుంది. ఇటువంటి చోట 'అలాగే మారుస్తాను' అని ఒప్పుకోవడం వినయంగా కనిపించినా, అది లేని దోషాన్ని తెచ్చిపెట్టడమే. క్రమాన్ని వివరిస్తూ నిరాకరించి, ఆ వివరణను కోడు పక్కనే రెండు పంక్తుల వ్యాఖ్యగా ఉంచడం సరైన సమాధానం. ఆ వ్యాఖ్య లేకపోతే, కొన్నేళ్ల తరువాత ఒక ఉత్సాహవంతుడు కోడును 'శుభ్రపరచే' నెపంతో అదే సూచనను అమలుచేస్తాడు.

మూడవది విభజన. ఆక్షేపం న్యాయమైనదే అయినా ప్రస్తుత ప్యాచ్ పరిధికి మించినదైనప్పుడు, దానిని వేరు ప్యాచ్‌గా అందించాలి. ఒక ప్యాచ్‌లో ఒకే తార్కికమైన మార్పు ఉండాలన్నది కెర్నెల్ నియమం. వరుసలోని ప్రతి మెట్టుపైనా కెర్నెల్ సక్రమంగా నిర్మాణం కావాలి. తరువాత ఎప్పుడైనా ఒక దోషం బయటపడితే, వరుసను సగాలుగా విడగొడుతూ ఏ మార్పు వల్ల అది వచ్చిందో కనుగొనడానికి ఇదే ఆధారం. రాస్ తన పత్రాన్ని రెండు దోమలకే పరిమితం చేసుకొన్నట్లుగా, ప్యాచ్ కూడా తాను నిరూపించగలిగిన మేరకే చెప్పాలి.

ఈ మూడింటికీ వెలుపల ఉన్నది మౌనం. సమాధానం ఇవ్వకుండా, ఆక్షేపాన్ని సగం మాత్రమే సరిచేసి తరువాతి పాఠం పంపితే, సమీక్షకుడు తన పాత ఉత్తరాన్ని వెదికి పోల్చుకోవలసివస్తుంది. సమీక్షకుల కాలం పరిమితమైనది. అలా వృథా అయిన కాలానికి ప్రతిఫలంగా ఆ రచయిత తదుపరి ప్యాచ్ కూడా మౌనాన్నే ఎదుర్కొంటుంది.

7. పరుషవాక్కు, నమ్మకం

కెర్నెల్ సమీక్షకు కాఠిన్యంతోపాటు పరుషత్వం కూడా చిరకాలం అంటిపెట్టుకొని ఉంది. కోడుపై రావలసిన విమర్శ కోడు రాసిన వ్యక్తిపైకి మళ్లిన సందర్భాలు బహిరంగమే. 2018 సెప్టెంబర్‌లో టోర్వాల్డ్స్ తన ప్రవర్తనకు క్షమాపణ చెప్పి కొంతకాలం విరామం తీసుకొన్నాడు. అదే సమయంలో 2015 నాటి పాత నియమావళి స్థానంలో కొత్త ప్రవర్తనా నియమావళి అమలులోకి వచ్చింది. ప్రమాణాలను తగ్గించకుండా భాషను మార్చడం సాధ్యమేనని అంగీకరించిన ఘట్టమిది.

తెలుగు సమాజం నుండి ఈ రంగంలోకి వెళ్లిన ఇంజినీర్లకు ఇందులో మరొక చిక్కు ఉంది. 'మీరు', 'నువ్వు' అనే భేదంతో, 'గారు' అనే గౌరవవాచకంతో గౌరవాన్ని వ్యక్తపరచే భాషలో పెరిగినవారికి, సంబోధన లేకుండా ఒకే పంక్తిలో వచ్చే 'ఇది తప్పు' అనే ఇంగ్లీషు వాక్యం అవమానంగా ధ్వనించవచ్చు. పెద్దలు తప్పు చూపినప్పుడు ఎదురుచెప్పకుండా తలవంచడమే వినయమన్న తరగతిగది సంస్కారం దానికి తోడైతే, ఇంజినీర్ రెండు విధాలుగా తప్పుదారి పట్టవచ్చు. నొచ్చుకొని మౌనం వహించవచ్చు, లేదా అర్థం కాకపోయినా ఒప్పుకోవచ్చు. రెండవదే ఎక్కువ ప్రమాదకరం. నొచ్చుకొన్నవారి ప్యాచ్ బయటనే నిలిచిపోతుంది. అర్థం కాకుండా ఒప్పుకొన్నవారి ప్యాచ్ కెర్నెల్‌లోకి చేరుతుంది. అయితే ఇదే సమాజానికి మరొక వారసత్వం కూడా ఉంది. అవధానసభలో నిషిద్ధాక్షరి పృచ్ఛకుడు అక్షరం అక్షరానికీ అడ్డుపడతాడు. అవధాని దానిని వైరంగా తీసుకోడు. అడ్డంకిని స్వీకరించి, మరో అక్షరంతో, అర్థం చెడకుండా పద్యాన్ని ముందుకు నడుపుతాడు. పృచ్ఛకుడూ అవధానీ ఇద్దరూ ఒకే పద్యం కోసం పనిచేస్తున్నారని సభకు తెలుసు.

ఈ ఉమ్మడి ప్రయోజనంపై నమ్మకం ఎంత అవసరమో 2021 ఏప్రిల్‌లో తేటతెల్లమైంది. మిన్నెసోటా విశ్వవిద్యాలయ పరిశోధకులు కొందరు, సమీక్షను పరీక్షించే ఉద్దేశంతో దోషాలు దాచిన ప్యాచ్‌లను అంతకుముందు పంపిన వ్యవహారం వివాదాస్పదమై, ఆ విశ్వవిద్యాలయం నుండి వచ్చే మార్పులను మెయింటెయినర్ గ్రెగ్ క్రోహ్–హార్ట్‌మన్ నిలిపివేశాడు. పరిశోధన పత్రాన్ని రచయితలు ఉపసంహరించుకొన్నారు. సమీక్ష సద్భావంతో వచ్చిన పొరపాట్లను పట్టుకొనే ప్రక్రియ. ఆక్షేపానికి వచ్చే జవాబు నిజాయితీగా ఉంటుందన్న భరోసాపైనే అది నిలుస్తుంది.

8. ముగింపు

హైదరాబాద్ రెండవ కమిషన్ సమాధానం పరిమాణంలో పెద్దది, సికింద్రాబాద్ వైద్యాధికారి పత్రం చిన్నది. చరిత్రలో నిలిచినది చిన్నదే. అది ఆక్షేపం వెలువడగల చోటును ముందే గుర్తించి, అక్కడ సాక్ష్యాన్ని ఉంచింది. కెర్నెల్ డ్రైవర్ సమీక్షలోనూ ఇదే వర్తిస్తుంది. ఆక్షేపం తాకిన స్థానాన్ని తాకే సమాధానమే నిలుస్తుంది. అది అంగీకారం కావచ్చు, నిరాకరణ కావచ్చు, విభజన కావచ్చు.

1978లో విదేశీయంత్రాల నిర్వహణను చేపట్టినవారికి ఇతరుల నిర్ణయాలను కారణాలు తెలియకుండానే మోయవలసిన అవసరం ఏర్పడింది. నేడు జంటనగరాలలో రాసిన డ్రైవర్ కోడు ప్రపంచంలో ఎక్కడో ఒకచోట, అపరిచితుడైన ఇంజినీర్ చేతికి అదే విధంగా చేరుతుంది. ఈసారి ఆ కోడుతోపాటు ప్రశ్నలు, జవాబులు, పాఠాంతరాలు కూడా బహిరంగంగా చేరుతున్నాయి. రచయిత ఉద్యోగం మారవచ్చు, సంస్థ పేరు మారవచ్చు, సమీక్షకుడు విశ్రాంతి తీసుకోవచ్చు. 'ఇది ఇలా ఎందుకు ఉంది' అన్న ప్రశ్నకు మిగిలేది ఆ దాఖలా ఒక్కటే. సమాధానం అనే మాటలోని రెండు అర్థాలూ, అంటే జవాబు చెప్పడం, భిన్నాభిప్రాయాన్ని ఒక అంగీకారానికి తేవడం, అక్కడ ఒకటవుతున్నాయి. పరిశోధన పత్రంపై వచ్చిన ఆక్షేపాలకు బదులు రాసే విద్యార్థికీ, ఆ విద్యార్థికి మార్గదర్శనం చేసే అధ్యాపకునికీ ఈ చరిత్ర నుండి గ్రహించదగిన విషయం ఇదే.